ముందు గోడ ఒక్కటీ

ఆమెకు మూగక్క అని పేరు పెట్టిందెవరో గానీ, పెట్టిన రోజున కడుపు పట్టుకుని నవ్వి ఉంటారు. ఎందుకంటే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున కుళాయి దగ్గర విన్న మాటను మధ్యాహ్నానికి నాలుగు వీధులు తిప్పి, సాయంత్రానికి దానికి కాళ్ళూ చేతులూ అతికించి, మళ్ళీ ఆ కుళాయి దగ్గరికే తెచ్చి దింపేది. మూగతనమల్లా ఒక్క చోటే. నేత షెడ్డులో.

షెడ్డులో మూడువందల మగ్గాలుండేవి. ఒక్కో మగ్గంలో దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంటే, పైన పిడుగు పడినా షిఫ్టు దిగాక ఎవరో చెబితే తెలియాల్సిందే. అక్కడ అరిచి లాభం లేదని పనిలో చేరిన మూడో రోజుకే ఎవరికైనా అర్థమైపోయేది. అందుకని వాళ్ళంతా గొంతు మానేసి పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. ఒక్కో మాటకీ నోరు బార్లా తెరిచి, సాగదీసి, చాలకపోతే కనుబొమలను కూడా సాయం పిలిచి. కళ్ళతో వినడమన్నమాట. వినకూడదనుకుంటే చెవులు మూసుకుని ప్రయోజనం లేదు, తల తిప్పుకోవాలి. ఆ షెడ్డులో తల తిప్పుకోవడాన్ని మించిన తిట్టు లేదు.

రహస్యమనేదీ లేదు. మూగక్క పెళ్ళే అందుకు సాక్ష్యం. పక్క మగ్గం మీద పనిచేసే పెద్దావిడ ఒకరోజు తెగిన పోగు అతుకుతూ తలెత్తి, "మా తమ్ముణ్ణి చేసుకుంటావా?" అని పెదాలతో అడిగింది. మూగక్క సిగ్గుపడి, తేరుకుని, జవాబుకి నోరు తెరిచేలోగా ఆ చివరి మగ్గం దగ్గరున్నాయన "చేసుకుంటుంది లేవే, మొహం చూడు" అనేశాడు. షెడ్డంతా నవ్వింది, చప్పుడు లేకుండా. ఆ సంగతి తెలియనివాడు మిల్లులో ఒక్కడే మిగిలాడు. పెళ్ళికొడుకు. బాయిలరు గదిలో బొగ్గు వేసే ఆయనకు ఈ పెదాల మాట రాదు. తనకు పెళ్ళి కుదిరిందని రెండ్రోజుల తర్వాత టీ కొట్టువాడు చెబితే తెలిసింది.

అలా పక్క మగ్గం ఆవిడ మూగక్కకి వదినైంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే నేశారు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ తమ్ముడికి ఇప్పటికీ అక్క మాటంటే రాతి మీద చెక్కిన మాట.

మిల్లు మూతబడింది. మగ్గాలు లారీలెక్కి పోయాయి. తుప్పు పట్టి ఎవరూ కొనని మగ్గం ఒకటి మూల మిగిలింది. ఆరేళ్ళపాటు షెడ్డులో పావురాలు కాపురం పెట్టాయి. తర్వాత ఒక కంపెనీ ఆ స్థలం కొని, అంతా పడగొట్టి ఇళ్ళు కడతామంది. అప్పుడొచ్చింది కొలతల అమ్మాయి.

ఆ అమ్మాయి కట్టడాల చదువు చదివింది. జేబులో టేపు, చేతిలో కాగితాల అట్ట, మోచేతి దాకా మసి. పాత కట్టడాల కమిటీకి అర్జీ పెట్టి షెడ్డును బతికించాలని దాని పట్టుదల. రంపం పళ్ళలాంటి ఆ కప్పు కింద నిలబడి తల వెనక్కి వాల్చి, "అక్కా, ఈ అద్దాలన్నీ ఉత్తరం వైపే ఎందుకున్నాయో తెలుసా?" అంది.

"ఎండ మొహాన కొట్టకుండా వెలుతురు రావడానికి. పోగు పోగూ కనిపించేది. నీకు ఇప్పుడు తెలిసిందా? నాకు నువ్వు పుట్టకముందే తెలుసు."

"ఇంత మంచి వెలుతుర్ని పడగొడతారట! ఇక్కడ కుట్టుపని హాలు పెట్టొచ్చు, పక్కన చదువుకునే గది. పగలు ఒక్క దీపం వెయ్యక్కర్లేదు. ఆ మూలనున్న మగ్గం బాగు చేయిస్తాను. వచ్చినవాళ్ళకి నేసి చూపించడం నీ పని."

మూగక్క ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డించడం మరిచిపోయింది. పనంటే పని. మళ్ళీ ఆ మగ్గం ముందు. తర్వాతి వారంలో ఆ అమ్మాయికి ఇనుప స్తంభాలన్నీ చూపించింది. అవి లోపల బోలు. కప్పు మీది వాన నీళ్ళు వాటిలోంచే కిందికి దిగుతాయి. వేసవిలో మొదటి వాన పడితే నేతగాళ్ళు వంతులు వేసుకుని స్తంభానికి చెంప ఆనించేవాళ్ళు. లోపల నీళ్ళు జారుతుంటే చల్లగా వణికేది. అమ్మాయి అది రాసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని తనూ చెంప ఆనించింది. మసి అంటింది. మూగక్క చూసి ఊరుకుంటుందా? సాయంత్రానికి నాలుగు వీధులకీ తెలిసింది.

కమిటీ షెడ్డు చూడటానికి వచ్చింది. ఏడుగురు. వాళ్ళ అధ్యక్షుడు లావు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన, మర్యాదస్తుడు. వాళ్ళు బాగా వెనక వస్తుంటే, గేటు దగ్గర్నుంచి షెడ్డు గుమ్మం దాకా మూగక్క పక్కనున్న వదినతో ఊపిరి పీల్చకుండా వాగింది. గుమ్మం దాటారు. "ఈ స్తంభాలు బోలుగా ఉంటాయటగా అమ్మా?" అన్నాడు పెద్దాయన. మూగక్క చెప్పడం మొదలుపెట్టింది. చేతులు ఊగుతున్నాయి, పెదాలు ఆడుతున్నాయి, కనుబొమలు నుదుటి మీదికెక్కాయి. చప్పుడు మాత్రం లేదు. మగ్గాలు పోయి ఆరేళ్ళయినా ఆ సంగతి ఆవిడ గొంతుకి ఎవరూ చెప్పలేదు. తను మాట్లాడుతున్నాననే ఆవిడ అనుకుంటోంది. ఏడుగురూ గుళ్ళో నిలబడ్డట్టు నిలబడి, అర్థమైనట్టు తలలూపారు.

వదిన ముందుకొచ్చి ఆ పెదాల మాటను గొంతుతో చెప్పింది. "వాన నీళ్ళు ఇందులోంచే దిగుతాయండీ. చెంప పెట్టుకునేవాళ్ళం అంటోంది."

"పాపం, ఆవిడకి గొంతు పోయిందా? మిల్లు వల్లేనా?" అన్నాడు పెద్దాయన, కాగితం మీద రాసుకుంటూ.

కమిటీ వెళ్ళిపోయాక మూగక్కకి విషయం తెలిసి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "నేను మాట్లాడటం లేదని ఒక్కరైనా చెప్పొద్దూ!" అని అందరినీ తిట్టింది. ఆ సిగ్గులోనే పాత పనివాళ్ళ సంఘం మీటింగులో తనే లేచి అంది, "ఇకమీద కమిటీ ముందు మన తరఫున మా వదినే మాట్లాడుతుంది. నా నోరైతేనేం, మా వదిన నోరైతేనేం." అందరూ చప్పట్లు కొట్టారు. మిల్లు మూసినప్పటి ఒప్పందం ప్రకారం, ఆ షెడ్డు సంగతి తేల్చేముందు సంఘం ఏమంటుందో కమిటీ వినాలి. సంఘం వద్దంటే కంపెనీ ఇటుక కూడా కదపడానికి లేదు. షెడ్డు ఉంచాలని నూట పదిమంది సంతకాలు చేశారు. సంతకాలకి మూగక్క చెప్పులు అరిగాయి. వదిన ఉండేది మూడో అంతస్తులో. మోకాళ్ళ నొప్పులు, ఆయాసం. ఆవిడ మాటిమాటికీ దిగలేదని మూగక్కే రోజూ కాగితాలు పట్టుకుని ఆ మెట్లెక్కి చూపించి వచ్చేది. వదిన చూసేది. "బాగా తిరుగుతున్నావే" అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఆ తక్కువ మాటలు మూగక్కకి అప్పుడు వినబడలేదు.

తీర్పు రోజు వచ్చింది. మునిసిపల్ ఆఫీసు మేడ మీద పెద్ద హాలు, ఆ పక్కన అద్దం తలుపున్న చిన్న గది. సంఘం నుంచి నలభైమంది దాకా వచ్చారు. మూగక్క మొగుడు రాలేదు. చెవులు సగం పోయినవాడికి సభలెందుకని ఇంట్లో ఉండిపోయాడు. మూగక్క వరండాలో బల్ల మీద కూర్చుని, అద్దంలోంచి లోపలికి చూసింది. వదినా, కంపెనీ మేనేజరూ ఎదురెదురుగా ఉన్నారు. మేనేజరు చొక్కా మడత ఏ ఎండలోనూ నలగదు గనక అతనికి ఇస్త్రీబాబు అని పేరు, అదీ మూగక్క పెట్టిందే.

వదిన మాట్లాడుతోంది. "చూడు, ముందే దులిపేస్తోంది" అని మూగక్క బల్ల మీది పక్కావిడకి గర్వంగా చెప్పింది. తలుపు మూసి ఉంది, వదిన గొంతు తగ్గించింది కూడా. కానీ మిల్లు మనిషి ఎంత గుసగుసలాడినా నోరు బార్లా తెరిచే ఆడుతుంది. ఆ అలవాటు చచ్చినా పోదు. మూగక్క గర్వంగానే చదవడం మొదలుపెట్టింది.

"వీధివైపు గోడ ఒక్కటీ ఉంచండి. మా వాళ్ళకి అది చాలు."

ఇస్త్రీబాబు ఏదో అన్నాడు. పెదాలు కదపకుండా మాట్లాడే జాతి, ఒక్క ముక్క తెలియలేదు.

"వెనకంతా మీ ఇష్టం. నాకు మాత్రం కింద ఇల్లే కావాలి. ఒక్క మెట్టు కూడా ఉండకూడదు."

మళ్ళీ ఇస్త్రీబాబు.

"దానికి చెప్పలేదు. దాని నోట్లో ఏదీ ఆగదు."

మూగక్క చూపు అక్కడే ఉండిపోయింది. తప్పు చదివానేమో అనుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పెదాల మీద ఒక్క మాట తప్పు చదవలేదు. పక్కావిడ వైపు తిరిగింది, "చూశావా?" అని అడుగుదామని. పక్కావిడ వరండా చివరున్న కుళాయికేసి చూస్తోంది, దాన్ని ఇంతకుముందెప్పుడూ చూడనట్టు.

హాల్లోకి పిలిచారు. వదిన లేచి గొంతు సవరించుకుంది. "మా సంఘం తరఫున చెప్పేదేంటంటేనండీ, వీధివైపు గోడ, దాని మీద గడియారం గూడు, మిల్లు పేరు చెక్కిన రాయి ఉంచి, మిగతా చోట ఇళ్ళు కట్టుకోవడం మాకు సమ్మతమే."

కొలతల అమ్మాయి కుర్చీ వెనక్కి పడేట్టు లేచింది. "ఇది సంఘం మాట కాదండీ! నూట పది సంతకాలున్నాయి, షెడ్డంతా ఉంచమని!"

"అవి ముందటివమ్మా. మొన్న మీటింగు పెట్టుకుని మనసు మార్చుకున్నాం" అంది వదిన. ఆ మీటింగుకి ఎవరిని పిలవలేదో చెప్పక్కర్లేదు.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "సంఘంలో ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

మూగక్క లేచింది. లేచి కమిటీ వైపు కాదు, తనవాళ్ళ వైపు తిరిగింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. నలభై మొహాలు, అన్నీ షెడ్డు మొహాలే, వరసగా కనబడేసరికి గొంతు మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయింది. పెదాలే ఆడాయి.

"మీకందరికీ తెలుసా? నా ఒక్కదానికే తెలియదా?"

నలభైమందికీ ప్రతి అక్షరం అందింది. మొదట చివరి మగ్గం ముసలాయన, పెళ్ళికి ఆవిడ బదులు ఒప్పుకున్న ఆ మనిషే, తల తిప్పుకున్నాడు. తర్వాత పక్కావిడ. తర్వాత వరసలు వరసలుగా, పంకా గాలికి కాగితాలు తిరిగినట్టు. కొత్త ఇళ్ళు కడితే ముందు మనకే ఇస్తారని వదిన ఒక్కొక్కరికీ చెప్పి ఉంచింది. మూగక్కకి ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, నలభై జతల చెవులు తన మొహానే మూసుకున్నాయని.

ఆవిడ వదిన వైపు తిరిగింది. "ఇలా చేశావేంటి వదినా?" పెదాలతోనే.

పెద్దాయన జాలిగా ముందుకు వంగాడు. "అయ్యో, గొంతు లేనావిడ కదూ! ఏమంటున్నారమ్మా ఆవిడ?"

వదిన ఒక్కతే తల తిప్పుకోలేదు. మూగక్క మొహంలోకి సూటిగా చూస్తూ, పైకి స్పష్టంగా చెప్పింది.

"సంతోషమే అంటోందండీ. ఆ గోడ ఉంటే చాలంటోంది."

పెద్దాయన నవ్వి, మూగక్కకి నమస్కారం పెట్టి, ఫైలు మూశాడు.

మూగక్కకి గొంతు మెట్ల మీద వచ్చింది. "సంతోషమా!" అని ఎంత గట్టిగా అరిచిందంటే కింద సైకిళ్ళు కాసేవాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, పడ్డారా?"

"లేదు బాబూ" అంది.

కొలతల అమ్మాయి ఊరుకోలేదు. అభ్యంతరం రాసి ఇచ్చింది, మూగక్క కింద సంతకం పెట్టింది. సంఘం అభిప్రాయం నమోదైందనీ, అందులో సదరు సభ్యురాలు కూడా సంతోషం తెలిపినట్టు ఉందనీ జవాబొచ్చింది. మూగక్క మళ్ళీ సంతకాలకి బయల్దేరింది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే జనానికి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఒకాయనైతే ఆరిన చొక్కా మళ్ళీ తడిపి పిండుకున్నాడు.

చివరికి మూడో అంతస్తు మెట్లెక్కింది. వదిన తలుపు తీసి, గోడ పట్టుకుని కుర్చీ దాకా వెళ్ళి కూలబడింది.

"వచ్చావా. తిట్టు."

"తిట్టడానికి రాలేదు. నా నోటితో నువ్వెలా మాట్లాడావో కనుక్కుందామని వచ్చాను."

"నువ్వే కదే ఇచ్చావు. నీ నోరూ నా నోరూ ఒకటేనని మీటింగులో దండోరా వేసిందెవరు?"

"నమ్మి ఇచ్చాను."

"నేనూ అందుకే తీసుకున్నాను." వదిన దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. "ఆ షెడ్డు నీకు పుట్టిల్లు. నాకేంటే? నాడెలోకి దారం ఎక్కించడానికి దాని కన్నానికి నోరు పెట్టి పీల్చీ పీల్చీ, రొమ్ములో దూది తప్ప ఊపిరి లేదు. దానికి అద్దాలు తుడిచి, పుస్తకాలు పెట్టి, వచ్చినవాళ్ళంతా ఆహా ఏం వెలుతురు అంటుంటే నేను చూడాలా?"

"ఈ మాట నాతో అనొచ్చుగా!"

"అంటే నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను సరేనంటాను. సరేనన్నానా, ఈ మెట్ల మీదే పోతాను."

మూగక్క నిలబడే ఉంది. ఆ దగ్గు అబద్ధం కాదు. మెట్లు అబద్ధం కాదు. పూర్తిగా తిట్టడానికి కూడా వీలు లేకుండా చేసింది మహాతల్లి.

"ఒక్క మాటే" అంది వదిన. "తమ్ముడికి చెప్పకు. వాడికి నేను తప్ప..."

మూగక్క విననట్టే మెట్లు దిగింది. కానీ విన్నది.

షెడ్డు పడగొట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇనుప స్తంభాలు మోగుతూ పడ్డాయి. వీధివైపు గోడ ఒక్కటీ మిగిలింది, పడకుండా వెనక ఇనుప దూలాలు ఆన్చి. దాని కిటికీల్లోంచి చూస్తే లోపల ఆకాశం కనబడేది. జనం ఫోటోలు తీసుకున్నారు. "చరిత్రను కాపాడాం" అని కంపెనీ పెద్ద బోర్డు పెట్టింది. కొలతల అమ్మాయి ఆ బోర్డు ముందు నిలబడి ఏడవలేక నవ్వింది. తర్వాత వేరే ఊళ్ళో పాత మందుల గిడ్డంగి ఏదో ఉందని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు షెడ్డు కొలతల కాగితాలు ఒక నకలు మూగక్కకి ఇచ్చింది. మూగక్కకి ఆ గీతలు అర్థం కావు. మూలన చిన్న చదరం మాత్రం గుర్తుపట్టింది. తన మగ్గం.

ఇళ్ళు లేచాయి. సంఘంలో వాళ్ళు అడగబోయి, ధరలు చూసి గుమ్మంలోంచే వెనక్కొచ్చారు. ఒక్క వదినకే ఇల్లొచ్చింది, కింద, మెట్లు లేకుండా, సరిగ్గా ఆ పాత గోడ వెనక. మిగతావాళ్ళు మూగక్క ఎదురైతే ఇప్పుడు తామే ముందు పలకరిస్తారు. ఆవిడా పలుకుతుంది. నోరుంది కదా. కానీ కుళాయి దగ్గర విన్నది కుళాయి దగ్గరే వదిలేసి వస్తోంది.

మగ్గం పారెయ్యలేదు. రంగేసి, కొత్త ఇళ్ళ పెద్ద గుమ్మం లోపల పెట్టి, పైన పూలకుండీ ఉంచారు. 'తాకరాదు' అని రాశారు. మూగక్క ఒకరోజు అద్దంలోంచి చూసింది. ఎవరో అలంకారానికి పోగులు కట్టారు, నిలువుగా ఉండాల్సిన పడుగు పోగులన్నీ అడ్డంగా. "తప్పు కట్టారయ్యా, రెండు నిమిషాలు పట్టదు, సరిచేసి వెళ్తాను" అని కాపలావాణ్ణి అడిగింది. ఇక్కడుండేవాళ్ళకి తప్ప ప్రవేశం లేదన్నాడు అతను. మర్యాదగానే అన్నాడు.

మొన్న మూగక్కా, మొగుడూ సంచీ పట్టుకుని సరుకులకని ఆ వీధినే వెళ్తున్నారు. పాత గోడ కిటికీలో, దుమ్ము పడకుండా బిగించిన అద్దం వెనక, వదిన కూర్చుని ఉంది. వీళ్ళని చూసి మొహం విప్పారింది. నోరు బార్లా తెరిచి, ఒక్కో మాటా సాగదీసి, మాట్లాడింది.

"నీ కోసమేనే ఈ గోడ ఉంచమన్నది. లోపలికి రా."

తల తిప్పుకోవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎన్నడూ చెయ్యని పని. మూగక్క చివరి మాట దాకా చూసింది.

మొగుడు అక్కకి చెయ్యి ఊపుతూ సంబరంగా అడిగాడు, "ఏమంటోందే మా అక్క?"

"వానొచ్చేట్టుందిట. ఆరేసిన బట్టలు తియ్యమంటోంది."

ఆయన తలెత్తి చూశాడు. మబ్బు తునక లేదు.

"ఇంత ఎండలోనా?"

"మీ అక్క మాట ఎప్పుడైనా తప్పిందా?"

"అదీ నిజమే" అన్నాడాయన. సంచీ ఆవిడ చేతికిచ్చి, బట్టలు తియ్యడానికి ఇంటివైపు గబగబా నడిచాడు.